పోరంకిలో ఇల్లు చూశాం

"ఏమ్మా, బుడమేరు వాగు నీళ్లు ఇటు వచ్చాయా?" ఓనరుగారిని మా అత్తయ్య అడిగిన మొదటి మాట అదే. అప్పటికింకా వంటగది కూడా చూడలేదు. మా వీధిలోకి రాలేదండీ అని ఆవిడ రెండుసార్లు చెప్పాక గానీ లోపలికి అడుగుపెట్టలేదు.

2024 సెప్టెంబరులో బుడమేరు పొంగినప్పుడు విజయవాడ సింగ్ నగర్‌లో మా ఇంట్లో నడుము లోతు నీళ్లు. అప్పట్నుంచి వాన పడితే అత్తయ్యకి నిద్ర లేదు.

అద్దె 22 వేలు, మెయింటెనెన్స్ వేరే. ఇప్పుడు కట్టేదానికి దాదాపు రెట్టింపు. అగ్రిమెంటు అందరిలాగే 11 నెలలు. గడువు అయ్యాక ఎంత పెంచుతారో అని నాకు ఇప్పట్నుంచే టెన్షన్.

కానీ వీధిలో పిల్లలు సైకిళ్లు తొక్కుతున్నారు. మేం అద్దె మాట్లాడుతుండగానే మావాడు వాళ్లలో కలిసిపోయాడు! సింగ్ నగర్‌లో వాణ్ని ఒంటరిగా గేటు దాటనివ్వను.

నీళ్లు రాని ఇల్లు, పిల్లలు ఆడుకునే వీధి... వీటికోసం మావారి జీతంలో సగం పోవాలా? నాకైతే బాధగానే ఉంది, కోపంగానూ ఉంది.

అయినా తీసుకుంటున్నాం. రేపు అడ్వాన్సు ఇస్తాం. కింది పోర్షన్ కాస్త తక్కువకే వస్తుందన్నారు గానీ, అత్తయ్య పైదే కావాలంది.