ఊ కొట్టించే విద్య

హిప్నాటిజం నేర్చుకుంటున్నానని చెప్పగానే మా అత్తగారు అడిగిన మొదటి మాట, "ఎవరి మీద ప్రయోగిస్తావు?" అని. ఆవిడ తప్పేం లేదు. మనకి ఆ మాట వినగానే గుర్తొచ్చేది స్టేజీ మీద కోటు వేసుకున్న మనిషి, పక్కన కుర్చీలో తల వాల్చేసిన కాలేజీ కుర్రాడు, ఉల్లిపాయ చేతిలో పెట్టి ఆపిల్ అంటే కరకరా నమిలేయడం. అది కాకపోతే వశీకరణం, నిమ్మకాయలు. నేను దంతవైద్యురాలిని. గుంటూరులో చిన్న క్లినిక్. కుర్చీలో కూర్చోగానే రెండు చేతులూ బిగబట్టి, నోరు తెరవమంటే కళ్ళు మూసుకునే మనుషులు నాకు రోజూ తగులుతారు. సూది పొడవడం నాకు కష్టం కాదు, పొడిపించుకోవడానికి వాళ్ళని ఒప్పించడమే కష్టం. అందుకని మొదలుపెట్టాను.

మొదట నేర్చుకున్నది పాత పద్ధతే. హైదరాబాద్‌లో రెండు శనాదివారాలు క్లాసు. ఒక చుక్క వైపు చూడమనడం, రెప్పలు బరువెక్కుతున్నాయనడం, పది నుంచి ఒకటి దాకా లెక్కపెడుతూ మెట్లు దిగుతున్నట్టు ఊహించుకోమనడం, ఆ తర్వాత చెప్పాల్సిన సజెషన్, అంటే మనసుకి ఎక్కించాల్సిన మాట, చెప్పడం, మళ్ళీ ఒకటి నుంచి ఐదు దాకా లెక్కపెట్టి లేపడం. అన్నీ కాగితం మీద రాసిచ్చారు, పూజావిధానం పుస్తకంలాగా. ఇంటికొచ్చి మా ఆయన మీద చేసి చూశాను. మెట్లు ఆరు దిగేసరికి గురక. అది ట్రాన్స్, అంటే హిప్నాసిస్‌లో మనిషి చేరే స్థితి, కాదు, ఆదివారం మధ్యాహ్నం పప్పన్నం.

నిజానికి ఈ నిద్ర గొడవ పేరుతోనే వచ్చింది. మాంచెస్టర్‌లో జేమ్స్ బ్రెయిడ్ అనే సర్జన్ 1841లో ఒక మెస్మరిజం ప్రదర్శన, అంటే కనపడని అయస్కాంత ద్రవంతో మనుషుల్ని లొంగదీస్తామనే పద్ధతి, చూసి, ఇందులో అయస్కాంత శక్తీ లేదు, అదృశ్య ద్రవమూ లేదు, ధ్యాస ఒకచోట నిలిస్తే చాలు అని కనిపెట్టి, గ్రీకులో నిద్ర అనే అర్థం వచ్చే మాటతో దీనికి పేరు పెట్టాడు. తర్వాత ఇది నిద్ర కాదని తనకే తోచి, 1847లో 'మోనోఐడియిజం' అని మార్చబోయాడు, అంటే మనసులో ఒకే ఆలోచన నిలవడం. ఎవరూ వినలేదు. ఒకసారి పేరు పడ్డాక అంతే.

అంతకుముందే ఇంకో ముఖ్యమైన మాట చెప్పినాయన మన గోవా మనిషి, అబే ఫారియా. 1756లో కాండోలిమ్‌లో పుట్టి, ప్యారిస్ వెళ్ళి, 1813లో అక్కడ బహిరంగంగా ప్రదర్శనలు ఇచ్చాడు. శక్తి చేసేవాడి చేతుల్లో లేదు, చేయించుకునేవాడి మనసులోనే ఉంది అన్నాడు. పణజీలో మాండవి ఒడ్డున ఆయన విగ్రహం ఉంది, వాలిపోతున్న ఆడమనిషి మీద చేతులు చాచి నిలబడినట్టు. క్లాసుకి వెళ్ళకముందు ఆ విగ్రహం దగ్గర ఫోటో దిగాను కూడా, ఎవరో దెయ్యాలు వదిలించే ఫాదర్ అనుకుని. తమాషా ఏమిటంటే ఆయన చెప్పిందానికి సరిగ్గా వ్యతిరేకంగా కనిపిస్తుంది ఆ విగ్రహం, శక్తంతా ఆ చేతుల్లోంచే కారుతున్నట్టు.

పాత పద్ధతిలో నాకు నచ్చింది దాపరికం లేకపోవడం. ఇప్పుడు మొదలుపెడుతున్నాం, ఇప్పుడు అయిపోయింది అని ఇద్దరికీ తెలుస్తుంది. కొలత కూడా ఉంది. 1959లో స్టాన్‌ఫర్డ్‌లో వైట్జెన్‌హోఫర్, హిల్‌గార్డ్ కలిసి పన్నెండు పరీక్షల కొలబద్ద ఒకటి తయారుచేశారు. చాచిన చెయ్యి బరువెక్కి కిందికి దిగుతుందా, లేని ఈగ ముఖం చుట్టూ ముసురుతున్నట్టు అనిపిస్తుందా, ఇలాంటివి. ఎన్నింటికి స్పందిస్తే అన్ని మార్కులు. కొందరు చాలా తేలిగ్గా స్పందిస్తారు, కొందరికి ఏం చేసినా ఏమీ కాదు, ఎక్కువమంది మధ్యలో ఉంటారు. మా ఆయన ఏ కోవో చెప్పక్కర్లేదు.

కానీ క్లినిక్‌లో ఇది నాకు కుదరలేదు. బయట బెంచీ మీద ఐదుగురు ఎదురుచూస్తుంటే లోపల ఇరవై నిమిషాలు మెట్లు దించుతూ కూర్చోవడం ఎలా? పైగా ఒక పెద్దావిడని ఆ మూలనున్న లైటు వైపే చూస్తూ ఉండండి అన్నానో లేదో, "ఏంటి డాక్టరమ్మా, మంత్రమేస్తన్నావా?" అని లేచి కూర్చుంది. ఆవిడ పన్ను ఆ రోజు అలాగే ఉండిపోయింది.

అప్పుడు పడ్డాను సంభాషణ హిప్నాసిస్ వెంట. కన్వర్సేషనల్ అంటారు, అమెరికన్ సైకియాట్రిస్టు మిల్టన్ ఎరిక్సన్ పేరు మీద ఎరిక్సోనియన్ అని కూడా అంటారు. కళ్ళు మూసుకోమనడం లేదు, లెక్కపెట్టడం లేదు, మాటల్లోనే పని జరుగుతుంది. ముందు ఒక విషయం చెప్పేస్తాను. ఆన్‌లైన్‌లో దీన్ని అమ్మేవాళ్ళలో చాలామంది అమ్మేది ఇది కాదు. ఎదుటివాళ్ళకి తెలియకుండానే వాళ్ళ మనసు మార్చేయొచ్చు, బాస్ జీతం పెంచుతాడు, అమ్మాయి ప్రేమిస్తుంది, ఇదీ ధోరణి. మా అత్తగారి అనుమానానికి ఇంగ్లీషు సూటు తొడిగితే ఇదే. నేనూ ఒక కోర్సుకి డబ్బు కట్టాను, అందులో మూడో వంతు షేక్ హ్యాండ్ ఇస్తూ మధ్యలో ఆపి ఎదుటి మనిషిని అయోమయంలో పడేయడం గురించి. ఎరిక్సన్ అది చేసిన మాట నిజమే. కానీ మా క్లినిక్‌కి వచ్చేవాళ్ళు దణ్ణం పెడతారండీ, నాకు షేక్ హ్యాండ్ ఎవరిస్తారు?

కోర్సు పక్కన పెట్టి ఎరిక్సన్ గురించి చదవడం మొదలుపెట్టాక అసలు సంగతి దొరికింది. ఆయన అమెరికాలో పల్లెటూరి రైతు బిడ్డ, 1901లో పుట్టాడు. పదిహేడేళ్ళకి పోలియో వచ్చి ఒళ్ళంతా పడిపోయింది. మంచం మీద కదల్లేక పడుకుని ఇంట్లోవాళ్ళ మాటలు వినడమే పని. అక్కచెల్లెళ్ళు నోటితో సరే అంటూ గొంతుతో కాదనడం, వద్దంటూనే కావాలనడం, అదంతా అప్పుడే పట్టుకున్నానని తర్వాత చెప్పుకున్నాడు. అంటే ఈ విద్యకి పునాది మాట్లాడటం కాదు, వినడం. కోర్సులో వినడం మీద పాఠం ఒక్కటే ఉంది, అదీ పదకొండు నిమిషాలు.

ఇక నా ముఖ్యమైన బాధకి వస్తాను. ఇది తెలుగులో చేయాలి కదా. పుస్తకాలన్నీ ఇంగ్లీషులో ఉన్నాయి. వాటిలో గొప్పగా చెప్పే కిటుకు, మామూలు వాక్యంలో ఆజ్ఞని దాచడం. "యూ కెన్ రిలాక్స్ నౌ" అన్నప్పుడు లోపలి "రిలాక్స్ నౌ" దానంతటదే ఆజ్ఞ, గొంతు కాస్త తగ్గించి అంటే చాలు. మన తెలుగులో అది పనిచేయదు. "మీరు వదిలేయొచ్చు" అన్నాననుకోండి, అందులోంచి "వదిలెయ్యి" ఊడి రాదు, క్రియ తోకలోనే అనుమతి అతుక్కుని ఉంది. రెండు నెలలు ఇంగ్లీషు స్క్రిప్టులు తెలుగులోకి మార్చి నోట్‌బుక్కు నింపాను. చదివితే ప్రెషర్ కుక్కర్ కంపెనీ వాళ్ళు ఇచ్చే సూచనల కాగితంలా ఉంది.

దారి మా నాన్నమ్మ చూపించింది, పోయి పదేళ్ళయినా. ఆవిడ నేరుగా ఏదీ చెప్పేది కాదు. "కాసేపు కళ్ళు మూసుకో, అదే తగ్గుద్ది, అని మీ తాత అనేవాడు." అదీ సంగతి! మన 'అని' వాక్యం చివర్లో వస్తుంది. ఎవరో ఎప్పుడో అన్న మాట అని తెలిసేలోపే ఆజ్ఞ చెక్కుచెదరకుండా చెవిలో పడిపోయి ఉంటుంది. నాన్నమ్మ ఆ మాట నాతో నేరుగా అనలేదు, తాతయ్యతో పేచీ పెట్టుకోలేను, ఆయన లేడు. ఎరిక్సన్ కూడా ఇదే చేసేవాడు, నా స్నేహితుడొకడు ఇలా అన్నాడని ఎవరి మాటో తెచ్చి చెప్పేవాడు. మనకి ఇది పుట్టుకతోనే ఉంది.

అలాగే యెస్ సెట్ అని ఒకటి. ఎదుటి మనిషి అవునని ఒప్పుకోక తప్పని మాటలు మూడు నాలుగు వరసగా చెప్పి, ఆ ఊపులో అసలు మాట చెప్పడం. దీన్ని కోర్సులో గంట సేపు వివరించారు. మనం కథ చెప్పేటప్పుడు పిల్లాడిని ఊ కొట్టమంటాం చూడండి, ఊ కొట్టకపోతే కథ ఆపేస్తాం, అదే ఇది. అనగనగా ఒక ఊళ్ళో, ఊ, ఒక రాజుగారు, ఊ, ఆ రాజుగారికి నిద్ర పట్టట్లేదట, ఊ. పదో ఊ దగ్గర గొంతు సన్నబడుతుంది, పదిహేనో ఊ రాదు. పిల్లాడు పడుకున్నాడు. దీనికి ఇండక్షన్, అంటే హిప్నాసిస్‌లోకి దింపడం, అనే పేరు పెట్టుకోలేదు కాబట్టి మనం సర్టిఫికెట్ ఇవ్వలేదు.

తెలుగు చేసే అపకారం కూడా ఒకటుంది. మన వాక్యంలో కాదనే మాట చివర్లో వస్తుంది. "నొప్పి ఏమీ ఉండదు" అన్నామంటే ముందు నొప్పి వస్తుంది, ఆ తర్వాత తీరిగ్గా ఉండదు వస్తుంది. అప్పటికే మనిషి బిగుసుకుపోయాడు. ఇంగ్లీషువాళ్ళ సంగతీ పెద్ద తేడా లేదనుకోండి. 2005లో ఎల్విరా లాంగ్ అనే రేడియాలజిస్టు, ఆవిడ బృందం ఆపరేషన్ బల్లల దగ్గర తీసిన వీడియోలు పరిశీలించి, ఇప్పుడు కాస్త నొప్పెడుతుంది లాంటి హెచ్చరికలు చేసినప్పుడు రోగులకి నొప్పి, ఆందోళన ఎక్కువగా ఉన్నాయని రాశారు. మేం డాక్టర్లం జాలితో చెప్పే "చీమ కుట్టినట్టు ఉంటుంది" కూడా అంతే. చీమ కుడితే ఎవరికి బాగుంటుంది?

మిర్చి రైతు సంగతి చెప్తాను. పోయిన వేసవి. యార్డుకి సరుకు తెచ్చి, తెల్లవార్లూ బస్తాల దగ్గర కూర్చుని, పన్ను పోటు ఆగక పొద్దున్నే నా దగ్గరికి వచ్చాడు. కింది దవడలో పన్ను, తీసెయ్యాల్సిందే. సూది అంటే చచ్చేంత భయం, నలభై ఏళ్ళ కింద ఎవరో తిమ్మిరి ఎక్కకుండానే పీకేశారట. "బాబాయ్, మీ ధ్యాస కాస్త పక్కకి మళ్ళేలా మాట్లాడుతూ పనిచేస్తాను, ఫర్వాలేదా?" అని ముందే అడిగాను. సరేనన్నాడు. తేజ రకమా అన్నాను. అంతే, మొదలుపెట్టాడు. కోత కూలి ఎంత, తాలు కాయలు ఎన్ని తేలాయి, కల్లంలో ఆరబోశాక మబ్బు పట్టిన రోజు ఎలా పట్టాలు కప్పారు. నేను ఆయన మాటలే తీసుకుని వెనక్కి ఇచ్చాను. పట్టా కప్పేశాక ఇంక వాన పడ్డా లోపలికి రాదు కదా బాబాయ్, కింద కాయ కదలకుండా అట్లాగే పడుంటది, చల్లబడతా ఉంటది, మీరూ గట్టు మీద మంచమేసుకుని ఒళ్ళు వాలుస్తారు, రాత్రి గాలి తగులుతుంటే ఈ బుగ్గ పక్కకి కూడా చల్లగా, మొద్దుగా...

ఈ వాక్యం ఎక్కడా పూర్తికాలేదని గమనించారా. తెలుగులో క్రియని ఎంతసేపైనా వాయిదా వేయొచ్చు, పడుతూ, వాలుతూ, చల్లబడుతూ, వినేవాడి ఊపిరి ఆ తూతూల వెంట నడుస్తుంది. సూది ఎప్పుడు పడిందో ఆయన పట్టించుకోలేదు. ఇక్కడ ఎవరూ పొరపడొద్దు, తిమ్మిరి మందు పూర్తి మోతాదులో ఇచ్చాను. 1845లో హుగ్లీలో జేమ్స్ ఎస్‌డైల్ అనే సర్జన్ మెస్మరిజంతోనే పెద్ద పెద్ద కణుతులు కోశాడని చరిత్రలో ఉంది. అప్పటికి మత్తుమందు లేదు, నాకు ఉంది. నేను మాటలతో తగ్గించింది బిగుసుకోవడాన్ని, పన్ను పీకే నొప్పిని కాదు.

కల్లం ఊరికే తోచింది కాదు. ఎరిక్సన్ 1966లో రాసిన ఒక కేసులో, పూలమొక్కలు పెంచి అమ్మే ఒకాయన, క్యాన్సర్ నొప్పితో ఉన్నాడు, హిప్నాసిస్ అన్న మాటే గిట్టదు. ఎరిక్సన్ ఆయనతో టమాటా మొక్క గురించి మాట్లాడుతూ పోయాడు, విత్తు ఎలా మొలకెత్తుతుంది, వాన మొక్కకి ఎలా నెమ్మదినిస్తుంది అని, మధ్యమధ్యలో హాయి, నెమ్మది అన్న మాటలు చల్లుతూ. ఆయనకి టమాటా, నాకు మిర్చి.

మరి రెండింట్లో ఏది గొప్ప? నేరుగా చెప్పే సజెషన్, చుట్టూ తిప్పి చెప్పే సజెషన్ పోల్చిన పరిశోధనలు చాలానే జరిగాయి, చుట్టూ తిప్పడం పైచేయి అని మాత్రం తేలలేదు. నా చిన్న అనుభవమూ అదే అంటోంది. నేర్చుకోవాలనుకునేవాళ్ళకి నేను చెప్పేది మొదట పాత పద్ధతే నేర్చుకోమని. మెట్లు దిగించి, కళ్ళు మూయించి, మనిషి ముఖంలో ఊపిరి నెమ్మదించడం, రెప్పలు అల్లాడటం, దవడ జారడం మీ కళ్ళతో వందసార్లు చూస్తే గానీ, మాటల మధ్యలో అవి వచ్చినప్పుడు మీకు తెలియదు. నేరుగా సంభాషణ పద్ధతిలోకి దూకినవాళ్ళు అందంగా మాట్లాడతారు, ఎదుటి మనిషి వైపు చూడరు. ఇంకోటి, ముందు అడగండి. మిర్చి బాబాయ్‌ని అడిగినా పని ఆగలేదు కదా. తెలియకుండా చేస్తేనే పనిచేస్తుందన్న మాట అబద్ధం.

ఈ మధ్య ఒక సాఫ్ట్‌వేర్ కుర్రాడు వచ్చాడు. మాటల్లో పెడదామని హైదరాబాద్ ట్రాఫిక్ గురించి మొదలుపెట్టాను, ఉద్యోగం గురించి అడిగాను. ముఖం ఇంకా బిగుసుకుంది. లేఆఫ్ అయి నెలయిందట, నాకేం తెలుసు. చివరికి తనే అన్నాడు, "మేడమ్, మీరు హిప్నాసిస్ చేస్తారని విన్నాను, అదేదో మామూలుగా చేసేయండి" అని. లైటు వైపు చూడమన్నాను, పది నుంచి లెక్కపెట్టాను. ఐదు దగ్గరే అబ్బాయి చేతులు ఒళ్ళోకి జారిపోయాయి. నేను రెండేళ్ళు కూర్చుకున్న తెలుగు మాటలు ఒక్కటీ అక్కర్లేకపోయింది.

ప్రస్తుతం నేను చేస్తున్న సాధన చాలా చిన్నది. రోజూ రాత్రి ఐదు వాక్యాలు రాస్తాను, వాటిలో నొప్పి, భయం, సూది, రక్తం అన్న మాటలు ఉండకూడదు, అబద్ధమూ ఉండకూడదు. అనుకున్నంత తేలిక కాదు. ఇప్పటికి పనికొచ్చేవి ఓ ముప్పై ఉంటాయి. మా అసిస్టెంటు అమ్మాయికి కూడా నేర్పాను, బుద్ధిగా తల ఊపింది, ఊ కూడా కొట్టింది. నిన్న నేను ఒక పాపకి మామిడితోట కథ చెబుతూ సిరంజి కోసం వెనక్కి చెయ్యి చాపితే, అందిస్తూ గట్టిగా, "ఏం భయపడకు నాన్నా, చిన్న సూదే!" అంది.