మందు ఆపిన మూడో రోజు

ఏళ్ల తరబడి రోజూ తాగేవాళ్లు ఆదివారం రాత్రి ఆఖరి క్వార్టర్ తాగి, సోమవారం పొద్దున ఒట్టు పెట్టుకుని ఆపేస్తారు. సాయంత్రానికే చేతులు వణుకుతాయి, చెమటలు పడతాయి, ముద్ద నోట్లోకి పోదు. మంగళవారం రాత్రి కన్ను మూతపడదు. బుధవారం చీకటి పడేసరికి దుప్పటి మీద లేని పురుగుల్ని ఏరుతూ, గుమ్మంలో ఎవరో నిలబడ్డారంటూ, ఇంట్లోనే కూర్చుని 'ఇంటికి పోదాం పద' అంటూ ఉంటారు. ఇంట్లోవాళ్లు గాలి సోకిందని తాయెత్తు కట్టించడానికి తీసుకుపోతారు, లేదంటే మతి పోయిందని మంచానికి కట్టేస్తారు. ఇది గాలీ కాదు, పిచ్చీ కాదు. దీన్ని డెలీరియం ట్రెమెన్స్ అంటారు. డాక్టర్లు పొట్టిగా డీటీ అంటారు. గుండె దడ, జ్వరం, బీపీ ఒక్కసారిగా ఎగబాకి, ఒంట్లో నీరూ లవణాలూ తప్పి ప్రాణం పోవచ్చు. వేళకు ఆసుపత్రిలో చేరిస్తే చాలామంది వారం పది రోజుల్లో తేరుకుని మామూలుగా మాట్లాడతారు.

తాగుడు మాన్పించాలని తపించే ప్రతి ఇంటికీ ముందుగా తెలియాల్సింది ఇదే. బాగా అలవాటు పడిన ఒంటికి మందు ఒక్కసారిగా ఆపడమే పెద్ద ప్రమాదం. మద్యం మెదడును నెమ్మదింపజేస్తుంది. ఏళ్ల తరబడి రోజూ తాగితే మెదడు దానికి ఎదురు నిలబడి తన వేగం పెంచుకుంటుంది. రాత్రికి రాత్రి మందు తీసేస్తే ఆ పెరిగిన వేగం అలాగే మిగిలి, పట్టి ఉంచేది ఏమీ ఉండదు. ఆఖరిసారి తాగిన 6 గంటల నుంచి వణుకు మొదలవుతుంది. ఫిట్స్ వచ్చేవాళ్లకు ఎక్కువగా 6 నుంచి 48 గంటల మధ్యలో వస్తాయి. డీటీ 48 నుంచి 96 గంటల మధ్యలో దిగుతుంది. అందుకే డాక్టరు మొదట అడిగే ప్రశ్న 'ఎంత తాగుతాడు' కాదు, 'ఆఖరిసారి ఎప్పుడు తాగాడు' అని. ఆ గంట కచ్చితంగా చెప్పగలిగితే సగం పని తేలికవుతుంది.

ఎంత అన్నదీ లెక్కగానే చెప్పాలి. 'రోజూ కొంచెం' అంటే డాక్టరుకు ఏమీ తెలియదు. 42.8 శాతం ఉండే విస్కీ, బ్రాందీ 180 మిల్లీలీటర్ల క్వార్టర్‌లో సుమారు 60 గ్రాముల ఆల్కహాల్ ఉంటుంది. 8 శాతం ఉండే స్ట్రాంగ్ బీరు 650 మిల్లీలీటర్ల సీసాలో సుమారు 40 గ్రాములు. కాబట్టి 'బీరే కదా' అనే మాటకు అర్థం లేదు. రోజూ తాగుతూ, పొద్దున లేవగానే నైంటీ పడితేగానీ చెయ్యి నిలవని మనిషి, ఇంతకుముందు ఆపినప్పుడు ఫిట్స్ వచ్చిన మనిషి, లివర్ దెబ్బతిన్న మనిషి ఇంట్లో ఆపకూడదు. ఆపి మళ్లీ మొదలుపెట్టి మళ్లీ ఆపిన కొద్దీ తర్వాతి విత్‌డ్రాయల్, అంటే మందు ఆగినందుకు ఒంట్లో వచ్చే ఈ బాధ, గట్టిపడే అవకాశం పెరుగుతుంది. పోయినసారి వణుకుతో పోయింది కదా అని ఈసారి ధీమా పడకూడదు.

మన దగ్గర మాల వేసుకునే కాలం దీనికి తోడవుతుంది. కార్తీకంలో అయ్యప్ప మాల వేసుకుని ఆ పూటే మందు ఆపేసేవాళ్లు ఎందరో. ఆ నిష్ఠ గొప్పదే, మానాలన్న పట్టుదలకు అది పెద్ద బలం కూడా. కానీ పీఠం దగ్గర చన్నీళ్ల స్నానం, ఒంటిపూట భోజనం, నేల పడకల మధ్య మొదటి రెండు రోజుల్లో ఫిట్స్ వస్తే పక్కనున్న స్వాములకు ఏం చేయాలో తెలియదు. మాలకు పది రోజుల ముందే డాక్టరును కలిసి, మందు తగ్గించి, మాత్రల మీద నిలబెట్టుకుని దీక్షలోకి వెళ్లడం మేలు. గురుస్వామికి చెప్పి ఆ మాత్రలు దీక్షలోనూ వేసుకోవచ్చు. ఇంకో సంగతి. 41 రోజులు ఆగగలిగాడు కాబట్టి అలవాటు లేదు అనుకోవడం పొరపాటు. ఆపడం చాలామందికి చేతనవుతుంది. మాల తీసిన రాత్రి ఏం జరిగిందన్నది చూడాలి.

2020 మార్చి చివర్లో లాక్‌డౌన్‌తో వైన్ షాపులు, కల్లు దుకాణాలు ఒక్కసారి మూతపడ్డప్పుడు హైదరాబాద్ ఎర్రగడ్డ మానసిక వైద్యశాల ఓపీ ఇలాంటివాళ్లతోనే నిండిపోయింది. వాళ్లలో చాలామంది మానాలని ఆపినవాళ్లు కాదు, దొరక్క ఆగినవాళ్లు. ఒంటికి ఆ తేడా తెలియదు.

కల్తీ కల్లు సంగతి ఇంకా చిక్కు. తాటిచెట్టు, ఈతచెట్టు నుంచి దిగిన కల్లులో ఇంత మత్తు ఉండదు. తెలంగాణలో చాలాచోట్ల దుకాణాల్లో అమ్మే కల్లులో ఆల్ప్రజోలం, డైజిపాం, క్లోరల్ హైడ్రేట్ అనే మత్తుమందులు కలుపుతారు. రోజూ తాగే మనిషి తనకు తెలియకుండానే మత్తుమాత్రలకు అలవాటు పడతాడు. అది ఆగితే ఫిట్స్ వస్తాయి, లేనివి కనబడతాయి, పొంతన లేని మాటలు వస్తాయి. కల్లు ఆడవాళ్లూ తాగుతారు. ఆవిడకు ఫిట్స్ వస్తే కల్లు ఆగినందుకు వచ్చాయన్న ఆలోచన ఇంట్లో ఎవరికీ రాదు, డాక్టరూ ఒక్కోసారి అడగడు. మీరే చెప్పాలి. మత్తుమందుల కోసం చేసే సాధారణ యూరిన్ పరీక్షలో ఆల్ప్రజోలం జాతి మందులు ఉన్నాయో లేదో తెలుస్తుంది కానీ ఎంత మోతాదు పడిందో తెలియదు. క్లోరల్ హైడ్రేట్ అసలు కనబడదు. అందుకని రోజుకు ఎన్ని సీసాలు, ఏ వేళల్లో, ఎన్నేళ్లుగా అన్నదే ఆధారం. ఆసుపత్రిలో మత్తుమాత్రలే ఇచ్చి మెల్లగా తగ్గిస్తారు. మద్యానికి వారం పది రోజుల్లో ముగిసే ఆ తగ్గింపు దీనికి వారాల తరబడి సాగవచ్చు. 'మళ్లీ మత్తుమాత్రలే ఇస్తున్నారు' అని ఇంట్లోవాళ్లు నాలుగో రోజే ఆపేస్తే ఫిట్స్ తిరిగొస్తాయి.

ఊళ్లో జరిగే ఒక పొరపాటు గురించి గట్టిగా చెప్పాలి. తాగి తాగి తిండి మానేసి నీరసించిన మనిషిని ఆర్ఎంపీ దగ్గరికి తీసుకుపోతే, మొదట పెట్టేది గ్లూకోజ్ బాటిల్. అతిగా తాగేవాళ్ల ఒంట్లో థయామిన్, అంటే బి1 విటమిన్, అడుగంటి ఉంటుంది. గ్లూకోజును వాడుకోవడానికి మెదడుకు థయామిన్ కావాలి. అది లేకుండా గ్లూకోజ్ ఎక్కిస్తే మిగిలిన కాస్తా ఖర్చయిపోయి వెర్నికె ఎన్‌సెఫలోపతి అనే మెదడు జబ్బు రావచ్చు. తికమక, కళ్లు నిలకడ లేకుండా ఆడటం లేదా పక్కకు తిరగకపోవడం, తాగకపోయినా తూలుతూ నడవడం దాని గుర్తులు. మూడూ ఒకేసారి కనబడాలని లేదు, ఒక్కటి ఉన్నా అనుమానించాలి. వదిలేస్తే కోర్సకాఫ్ అనే మతిమరుపుగా నిలిచిపోవచ్చు. పొద్దున తిన్నది గుర్తుండదు, గుర్తులేని చోట కల్పించి చెబుతాడు. వయసు 40 ఉన్నా జీవితాంతం ఎవరో ఒకరు కనిపెట్టుకుని ఉండాలి. కొన్ని థయామిన్ ఇంజెక్షన్లతో తప్పేది ఇది. షుగర్ బాగా పడిపోతే గ్లూకోజ్ ఇవ్వాల్సిందే, దాంతోపాటే థయామిన్ వెళ్లాలి. 'బి1 ఇంజెక్షన్ వేశారా సార్' అని అడగడానికి మొహమాటపడకండి. మామూలుగా రోజుకు 100 మిల్లీగ్రాముల ఇంజెక్షన్ కొన్నాళ్లు, తర్వాత మాత్రలు ఇస్తారు. వెర్నికె అనుమానం ఉంటే 500 మిల్లీగ్రాములు రోజుకు మూడుసార్లు నరానికి ఎక్కిస్తారు. ఆ దశలో మాత్రలు సరిపోవు, తాగుడుతో పాడైన పేగు వాటిని సరిగా పీల్చుకోదు.

ఆసుపత్రికి వెళ్లేటప్పుడు ఆధార్ కార్డు, పాత చీటీలు, వేసుకుంటున్న బీపీ, షుగర్, ఫిట్స్ మాత్రల పట్టీలు, మార్చుకోవడానికి బట్టలు పెట్టుకోండి. ఇటీవల కిందపడి తలకు దెబ్బ తగిలితే తప్పక చెప్పండి. మెదడులో రక్తం గడ్డకట్టినా తికమకే వస్తుంది, దాన్ని విత్‌డ్రాయల్ అనుకుని ఊరుకుంటే ప్రమాదం. రక్తవాంతులు, కామెర్లు, ఆగని ఫిట్స్ ఉంటే మానసిక వైద్యశాల కన్నా ముందు ఎమర్జెన్సీ, ఐసీయూ ఉన్న పెద్దాసుపత్రికి వెళ్లాలి. 108కు ఫోన్ చేయండి.

చేర్చుకున్నాక మొదటి రోజుల్లో పని అంతా మత్తు దించడమే. లిబ్రియం అని అందరూ పిలిచే క్లోర్‌డయాజిపాక్సైడ్, లివర్ బాగా దెబ్బతిన్నా పెద్ద వయసైనా లోరాజిపాం ఇస్తారు. వణుకు, చెమట, వికారం, కంగారు వంటి పది అంశాలకు మార్కులు వేసే సీవా అనే కొలత ఉంది. దాన్నిబట్టి మోతాదు పెంచుతారు, తర్వాత రోజురోజుకూ తగ్గిస్తూ వారం పది రోజుల్లో ఆపేస్తారు. లివర్, షుగర్, సోడియం, పొటాషియం, మెగ్నీషియం, ప్లేట్‌లెట్లు చూస్తారు. పేషెంటు రెండు రోజులు ఊరికే నిద్రపోతుంటే ఇంట్లోవాళ్లు భయపడతారు. లేపితే లేచి జవాబు చెబుతున్నాడా, ఊపిరి సరిగా ఉందా అన్నది నర్సు చూసుకుంటుంది, మీరూ చూడవచ్చు. బయటి నుంచి ఎవరూ 'ఒక్క పెగ్గు' తెచ్చి ఇవ్వకూడదు. ఈ మాత్రల మీద మందు పడితే ఊపిరి ఆగిపోవచ్చు.

పదో రోజుకు మనిషి కళకళలాడుతూ కనబడతాడు. ఇక్కడే చాలా కుటుంబాలు చికిత్స అయిపోయిందనుకుని ఇంటికి తీసుకుపోయి మళ్లీ రావు. దిగింది మత్తు మాత్రమే, తాగాలన్న కోరిక ఎక్కడికీ పోలేదు. దానికి వేరే మందులున్నాయి. నాల్ట్రెక్సోన్ 50 మిల్లీగ్రాములు రోజుకు ఒకటి. ఆకాంప్రోసేట్ 333 మిల్లీగ్రాములవి పూటకు రెండు చొప్పున మూడు పూటలు, కిడ్నీలు బాగుంటేనే. లివర్ గట్టిపడినవాళ్లకు బాక్లోఫెన్ ఇస్తారు, దాన్ని ఉన్నట్టుండి ఆపకూడదు. అందరికీ తెలిసింది డైసల్ఫిరాం. అది వేసుకుని తాగితే మొహం ఎర్రబడి, తలపోటు, వాంతులు, గుండె దడ వచ్చి బీపీ పడిపోతుంది. ఆపేశాక కూడా రెండు వారాల దాకా ఆ ప్రభావం ఉండవచ్చు. గోడల మీద 'తెలియకుండా తాగుడు మాన్పించబడును' అని రాసి అమ్మే పొడుల్లో ఏముందో చెప్పే లేబులే ఉండదు. డైసల్ఫిరాం అయినా సరే, కూరలో, మజ్జిగలో కలిపి పెట్టడం ప్రాణంతో ఆట. గుండె జబ్బున్న మనిషి సంగతి తెలియక ఫుల్లుగా తాగితే అక్కడే పడిపోవచ్చు. తెలిసి, ఒప్పుకుని, పొద్దున భార్యో తల్లో చేతికిస్తే ఎదురుగా మింగే మనిషికే అది పనిచేస్తుంది. ఆల్కహాల్ ఉన్న దగ్గు టానిక్కులకూ అలాంటివాళ్లు దూరంగా ఉండాలి.

తాగుడు కింద ఇంకో జబ్బు దాగి ఉండటం మామూలే. దిగులు, భయం, బైపోలార్, అనుమానాల జబ్బు ఉండవచ్చు. తాగుతున్నప్పుడూ ఆపిన మొదటి వారంలోనూ అందరూ దిగులుగానే ఉంటారు కాబట్టి ఏది ముందో తేల్చడం కష్టం. మందు ఆపాక రెండు నుంచి నాలుగు వారాలకూ దిగులు తగ్గకపోతే, లేదా తాగుడుకు ముందునుంచే ఉంటే, దానికి విడిగా మందులివ్వాలి. తాగుడుకు డీఅడిక్షన్ సెంటరు, దిగులుకు ఇంకో డాక్టరు, ఒకరి చీటీ ఒకరు చూడకుండా నడిపితే రెండూ నయం కావు. 'చచ్చిపోవాలనుంది' అన్న మాటను తాగిన మాటగా కొట్టిపారేయకండి. 14416కు టెలీ మానస్ ఉంది, ఏ వేళైనా ఉచితం, తెలుగులో మాట్లాడతారు.

చట్టం సంగతి కూడా కొంచెం తెలిసి ఉండాలి. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం మద్యం, మత్తుమందుల వల్ల వచ్చే మానసిక స్థితులను మానసిక అనారోగ్యంలోనే చేర్చింది. తనంతట తాను చేరిన పేషెంటు అడిగితే పంపాలి, అంచనా కోసం 24 గంటలకు మించి ఆపలేరు. తనకు, ఇతరులకు హాని చేసేలా లేదా తనను తాను చూసుకోలేనంతగా ఉంటే నామినేటెడ్ ప్రతినిధి, అంటే పేషెంటు తరఫున నిలబడే మనిషి, దరఖాస్తు మీద, ఇద్దరు నిపుణులు విడివిడిగా పరీక్షించాక 30 రోజుల వరకు చేర్చుకోవచ్చు. గొలుసులతో కట్టడం నిషేధం. బలవంతంగా గుండు గీయకూడదు. ఫోన్‌కూ చూడవచ్చే మనుషులకూ హక్కుంది. కాబట్టి మూడు నెలల డబ్బు ముందే కట్టించుకుని, ఆ మూడు నెలలూ మనిషిని చూడనివ్వం అనే సెంటరులో మీవాణ్ణి వదలకండి. చట్టం కింద రిజిస్ట్రేషన్ సర్టిఫికెట్ చూపించమనండి. సైకియాట్రిస్ట్ ఏయే రోజుల్లో వస్తారు, రాత్రి నర్సు ఉంటుందా, అర్ధరాత్రి ఫిట్స్ వస్తే ఏ ఆసుపత్రికి పంపుతారు అని అడగండి. మనుషుల్ని బండిలో పంపి ఇంట్లోంచి బలవంతంగా ఎత్తుకుపోవడాన్ని సేవగా అమ్మేవాళ్లను దగ్గరికి రానివ్వకండి.

ఇంటికొచ్చాక మొదటి నెల వారానికొకసారి, తర్వాత రెండు నెలలు పదిహేను రోజులకొకసారి, ఆ తర్వాత ఏడాది దాకా నెలకొకసారి ఓపీకి వెళ్లేలా పెట్టుకుంటే మంచిది. జీతం వచ్చే రోజు, పెళ్లిళ్లు, దసరా దావత్, పాత జట్టు కలిసే అడ్డా ముందే తెలిసినవే. ఆ రోజున ఎక్కడుండాలో, ఎవరితో ఉండాలో, జీతం ఎవరి ఖాతాలో పడాలో కౌన్సెలర్ దగ్గరే కూర్చుని మాట్లాడుకోవాలి. మూడో నెలలో ఎప్పుడో ఒక రాత్రి తాగి వస్తే, ఆ రాత్రి తిట్టకండి, లెక్కలు అడగకండి. డైసల్ఫిరాం వేసుకుంటున్న మనిషైతే వెంటనే ఎమర్జెన్సీకి తీసుకెళ్లండి. లేకపోతే పక్కకు తిప్పి పడుకోబెట్టి ఊపిరి చూసుకుంటూ ఉండండి. తెల్లారాక ఎంత తాగాడో రాసుకుని, అదే ఓపీ చీటీతో అదే డాక్టరు దగ్గరికి వెళ్లండి. ఒక్క రాత్రి తాగుడైతే చాలాసార్లు మళ్లీ చేర్చే పని లేకుండానే మందులు సరిచేస్తారు. వారం గడిచాక వస్తే మళ్లీ మొదటి రోజు నుంచే లెక్కపెట్టాల్సి రావచ్చు.