నాలుగు చినుకులకే కరెంటు తీసేస్తామట!

నిన్న సోంపేటలో టీ తాగుతుంటే పక్క బల్ల మీద కూర్చున్న పెద్దాయన అడిగాడు: "ఏటి బావూ, నాలుగు చినుకులు పడితే చాలు, కరెంటు తీసేస్తారేటి మీరు?" లైన్‌మన్‌గా రోజూ వినే మాటే.

మేం తీయం, అదే పోతుంది. తడిసిన కొబ్బరి మట్ట తీగకు తగిలితే సబ్‌స్టేషన్‌లో బ్రేకర్ దానంతటదే ట్రిప్ అవుతుంది. మా ఉద్దానంలో లైన్లన్నీ తోటల మధ్య నుంచే, ఇక చూసుకోండి! ఆ మట్ట ఎక్కడుందో టార్చిలైటు పట్టుకుని స్తంభం స్తంభం చూసుకుంటూ నడవాలి. దొరికినా వెంటనే ఎక్కేయలేం. సబ్‌స్టేషన్ నుంచి ఎల్‌సీ (లైన్ క్లియర్, అంటే లైన్‌లో కరెంటు ఆపాం, పని చేసుకోవచ్చన్న అనుమతి) తీసుకోవాలి, లైన్‌ని నేలకు కలిపి ఎర్త్ చేయాలి.

"కరెంటు ఆపేశారుగా, ఇంకేం భయం?" అంటారు. భయం మీ జనరేటర్‌తోనే! బయటి లైన్‌ని విడదీసి జనరేటర్‌కి మార్చే చేంజోవర్ స్విచ్ లేకుండా ఇంటి వైరింగ్‌కి కలిపితే ఆ కరెంటు వెనక్కి మా లైన్‌లోకి పారుతుంది. ట్రాన్స్‌ఫార్మర్ దాటేసరికి అది 11 కేవీ, అంటే పదకొండు వేల వోల్టులు. పైన ఉండేది మా చెయ్యి.

2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను వచ్చినప్పుడు కొబ్బరిచెట్లతో పాటు స్తంభాలూ నేలకొరిగాయి. ఊరందరికంటే ముందు మా ఇంట్లోనే లైటు వెలిగిందని ఇప్పటికీ నమ్మేవాళ్లున్నారు. ఆ మాట మా ఆవిడ దగ్గర అనకండి, రోజుల తరబడి కొవ్వొత్తితో గడిపిన మనిషి.

పెద్దాయన అంతా శ్రద్ధగా విన్నాడు. విని, "సరే గానీ, మా వీధి లైటెప్పుడేస్తావు?" అన్నాడు.

"వీధిలైట్లు పంచాయతీవి తాతా" అని ఇంకో టీ చెప్పాను.