నెమ్మది లైను మీద పెద్ద ఫైళ్లు: ఒకదాని తరువాత ఒకటి

గుంటూరు బ్రాడీపేటలో మేముంటున్న ఇంటికి వచ్చే ఇంటర్నెట్ లైను, బిల్లు మీద ఎంత వేగమని రాసి ఉన్నా, రాత్రి ఏడు దాటితే నాలుగు ఎంబీపీఎస్‌కు మించి ఇవ్వదు. ఆపరేటరు తరఫున వచ్చే అబ్బాయిని అడిగితే "రేపు చూస్తాను సార్" అంటాడు. ఆ రేపటి సంగతి అలా ఉంచి, ఉన్న లైనుతోనే పని ఎలా జరుపుకోవాలో రాస్తున్నాను. నాకు కావలసినవి ఎక్కువగా పాత తెలుగు పుస్తకాల, పత్రికల స్కాన్లు. డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా పథకంలో స్కాన్ చేసిన పుస్తకాలు ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో విస్తారంగా దొరుకుతాయి. ఒక్క పుస్తకమైతే ఏ బ్రౌజరైనా దింపిపెడుతుంది. ఒక పత్రిక కొన్నేళ్ల సంచికలన్నీ ఒకేసారి కావలసి వచ్చినప్పుడే పద్ధతి అవసరమవుతుంది.

ముందు లెక్క చూద్దాం. నాలుగు ఎంబీపీఎస్ అంటే సెకనుకు 40 లక్షల బిట్లు. ఎనిమిది బిట్లు ఒక బైటు కాబట్టి సెకనుకు 5 లక్షల బైట్లు. ఒక జీబీని 100 కోట్ల బైట్లుగా తీసుకుంటే అది దిగడానికి 2,000 సెకన్లు, అంటే 33 నిమిషాల పైచిలుకు పడుతుంది. ఇప్పుడు ఒక్కొక్కటి ఒక జీబీ ఉన్న ఐదు ఫైళ్లు కావాలనుకుందాం. ఐదింటినీ ఒకేసారి మొదలుపెడితే ఒక్కొక్కదానికి సెకనుకు లక్ష బైట్లు మాత్రమే దక్కుతాయి, ఐదూ కలిసి రెండు ముప్పావు గంటలకు పూర్తవుతాయి. ఒకదాని తరువాత ఒకటిగా పెట్టినా మొత్తం పట్టే సమయం అంతే. తేడా ఎక్కడ వస్తుందంటే, రెండు గంటలు గడిచాక కరెంటు పోయిందనుకోండి, వరుసలో పెట్టినవారి చేతిలో మూడు పూర్తి ఫైళ్లు, సగం దాటిన నాలుగోది ఉంటాయి. ఒకేసారి పెట్టినవారి దగ్గర ఐదు అసంపూర్తి ముక్కలు ఉంటాయి, వాటిలో ఒక్కటీ తెరుచుకోదు. గాలివానల కాలంలో గుంటూరులో ఉండేవారికి ఈ తేడా ఎంతటిదో విడమరచి చెప్పనక్కరలేదు.

విజయవాడ పటమటలో ఉండి ఇంజనీరింగు చదువుతున్న మా అక్కయ్య కొడుకు ఈ మాట ఒప్పుకోడు. "మావయ్యా, ఆరియా2లో ఒక్క ఫైలుకే పదహారు కనెక్షన్లు పెట్టుకోవచ్చు, మీరు వాడకపోతే ఎలా?" అంటాడు. ఆరియా2 అంటే ఫైళ్లు దింపే ఒక ప్రోగ్రాము. వాడి గదిలో ఆ పద్ధతి నిజంగానే పనిచేస్తుంది. వాడి లైను వెడల్పైనది; అక్కడ వేగాన్ని ఆపుతున్నది దూరపు సర్వరు ఒక్కో కనెక్షనుకు విధించే పరిమితి, లేదా అంత దూరం వెళ్లి రావడంలో జరిగే ఆలస్యం. అటువంటప్పుడు కనెక్షన్లు పెంచితే వేగమూ పెరుగుతుంది. నా ఇంట్లో ఇరుకు ఉన్నది వీధి స్తంభానికీ నా రౌటరుకూ మధ్య కాబట్టి, పదహారు కనెక్షన్లు పెట్టినా ఆ 5 లక్షల బైట్లనే పదహారు చోట్ల పంచుకుంటాయి. ఆరియా2ను నేనూ వాడతాను. అయితే అది మామూలుగా ఒకేసారి ఐదు ఫైళ్లు దింపేలా అమర్చి ఉంటుంది, నేను దాన్ని ఒకటికి మారుస్తాను. లింకులన్నీ ఒక టెక్స్టు ఫైలులో వరుసకొకటి చొప్పున రాసి, ముందు కావలసినవి పైన పెట్టి, ఆ ఫైలును దానికి అప్పగిస్తాను. డబ్ల్యూగెట్ అనే మరో ప్రోగ్రాము కూడా ఇలాగే జాబితా తీసుకుంటుంది. 1996 నుంచి ఉన్న పనిముట్టయినా ఈ పనికి నాకు ఇప్పటికీ ముచ్చటగానే ఉంటుంది.

వరుస కన్నా ముఖ్యమైనది ఆగినచోటి నుంచి మళ్లీ అందుకోవడం. ఇది మన చేతిలోనే ఉన్నది కాదు, సర్వరు కూడా ఒప్పుకోవాలి. మన ప్రోగ్రాము "ఫలానా బైటు నుంచి పంపు" అని అడుగుతుంది. సర్వరుకు ఆ సౌకర్యం ఉంటే 206 అనే సంకేతంతో మిగతా భాగం మాత్రమే పంపుతుంది. 200 అని జవాబిస్తే మొదటి నుంచి పంపుతున్నదని అర్థం. అందుకే ఆరు జీబీల ఫైలు మొదలుపెట్టే ముందు ఒక నిమిషం నడిపి, ఆపి, మళ్లీ నడిపి చూడడం మంచిది. క్లౌడులో ఎవరైనా పంచిన ఫోల్డరును మొత్తంగా దింపబోతే, చాలా చోట్ల సర్వరు అప్పటికప్పుడు జిప్ కట్టి పంపుతుంది; అటువంటి జిప్ మధ్యలో తెగితే తిరిగి అందుకోవడం సాధారణంగా కుదరదు. లోపలి ఫైళ్లను విడివిడిగా దింపుకోవడం విసుగే, అయినా నెమ్మది లైను మీద అదే దారి.

ఆరియా2తో ఒక చిన్న విషయం గమనించాలి. అది ఫైలుకు కావలసిన చోటును డిస్కు మీద ముందే కేటాయించుకుంటుంది. ఫోల్డరు తెరిచి చూస్తే ఇంకా పావు వంతు కూడా దిగని ఫైలు పూర్తి సైజుతో కనిపిస్తుంది. దాని పక్కనే అదే పేరుతో, చివర ఆరియా2 అని తగిలించిన చిన్న ఫైలు ఒకటి ఉంటుంది. ఏ ముక్కలు వచ్చాయో, ఏవి రావాలో ఆ చిట్టా అంతా అందులోనే ఉంటుంది. పనికిరానిదనుకుని దాన్ని తుడిచేస్తే, తరువాత మిగతాది దింపమని డబ్ల్యూగెట్‌కు అప్పగించినా అది సైజు చూసి "ఇది పూర్తయింది" అని ఊరుకుంటుంది.

డౌన్‌లోడు నడుస్తుండగా ఇంట్లో ఫోన్లు ఏం చేస్తున్నాయో కూడా చూసుకోవాలి. పెళ్లి నుంచి వచ్చినవాళ్ల ఫోన్లు వైఫై తగలగానే ఫోటోలూ వీడియోలూ బ్యాకప్‌కు ఎక్కించడం మొదలుపెడతాయి. ఎక్కించే దారి దింపే దారి కన్నా ఇరుకుగా ఉన్న లైన్లలో అది నిండిపోతే, వచ్చిన ప్యాకెట్లకు, అంటే డేటా ముక్కలకు, మనం పంపవలసిన రసీదులు ఆలస్యమై దిగే వేగం కూడా పడిపోతుంది. మొబైల్ హాట్‌స్పాట్ మీద ఆధారపడదామంటే రోజువారీ కోటా అడ్డం వస్తుంది. కోటా అయిపోయాక మామూలుగా మిగిలేది 64 కేబీపీఎస్. ఆ వేగంతో ఒక జీబీకి 34 గంటలు దాటుతుంది.

దిగిన ఫైలు సరైనదేనా అన్నది చివరి పరీక్ష. నాలుగు కేబీలున్న పీడీఎఫ్ కనిపిస్తే దాన్ని నోట్‌ప్యాడ్‌లో తెరిచి చూడండి. చాలాసార్లు అది పుస్తకం కాదు, "మీ గడువు ముగిసింది" అని ఆపరేటరు చూపిన వెబ్ పేజీ అయి ఉంటుంది. పెద్ద ఫైళ్లకు ఇచ్చే చెక్‌సమ్‌లను, అంటే ఫైలులోని బైట్ల నుంచి లెక్కకట్టిన గుర్తింపు విలువలను, సరిచూడాలి. ఇంటర్నెట్ ఆర్కైవ్ ప్రతి ఫైలుకూ ఎండీ5, షా1 అనే రెండు రకాల చెక్‌సమ్ విలువలను ఒక జాబితాలో ఇస్తుంది. విండోస్‌లో సర్ట్‌యుటిల్ అనే ఆదేశంతో మన ఫైలు విలువను లెక్కకట్టి వాటితో పోల్చుకోవచ్చు. ఫైలును ముక్కలు ముక్కలుగా దింపే టొరెంటు పద్ధతి ఉన్నచోట నేను దానికే మొగ్గుతాను, ఎందుకంటే అందులో ప్రతి ముక్కకూ విడిగా సరిచూపు జరుగుతుంది, చెడిన ముక్క ఒక్కటే మళ్లీ దిగుతుంది. ఆర్కైవ్ టొరెంటు తెరిచినప్పుడు పేజీల అసలు బొమ్మలున్న పెద్ద కట్టలకు టిక్ తీసేసి పీడీఎఫ్ ఒక్కటే ఉంచుకుంటే చాలా బరువు తగ్గుతుంది.

ఇలా దింపినవాటిని పెన్‌డ్రైవులో ఎక్కించి మిత్రులకు ఇచ్చేవారు డ్రైవు ఏ పద్ధతిలో ఫార్మాట్ అయి ఉందో ముందే చూసుకోవాలి. ఫ్యాట్32లో నాలుగు జీబీలకు మించిన ఒక్క ఫైలు పట్టదు, డ్రైవులో ఎంత ఖాళీ ఉన్నా సరే. ఎక్స్‌ఫ్యాట్‌కు మార్చితే పడుతుంది; మార్చేటప్పుడు అందులో ఉన్నవన్నీ పోతాయి కాబట్టి వాటిని ముందుగా వేరేచోట దాచుకోవాలి.