బండ కింద పని

"ఏటిరా అల్లుడూ, బండలు పరచడానికి ఇంగ్లండు దాకా ఎల్లాలేటి? మన గాజువాకలో బండల్లేవా?"

పెళ్ళి భోజనాల దగ్గర మా చినమావయ్య అందరూ వినేలా అడిగాడు. సాంబారు వడ్డిస్తున్న కుర్రాడు కూడా ఆగి నవ్వాడు. నేనూ నవ్వేశాను, మావయ్య నోరు మాకు కొత్త కాదు. గుచ్చుకున్నది ఆ తరవాతి మాట. పక్కనే కూర్చున్న మా నాన్న ముద్ద దిగకముందే అందుకున్నాడు: "ఆడు అక్కడ సైట్ ఇంజనీరు బావా. బండలు మోసేది కూలోళ్ళు."

నేను సైట్ ఇంజనీరుని కాను. డెర్బీలో పాటియోలు వేసే ముఠాలో పనివాణ్ణి. మా ఆవిడ అక్కడ నర్సు, ఆమె వీసా మీద వెళ్ళాను. సివిల్ డిప్లొమా ఉన్నా మొదట గోడౌన్‌లో డబ్బాలు మోశాను, తరవాత ఇందులోకి వచ్చాను. ఇళ్ళ వెనక పెరట్లో రాతిబండలు పరచడం, మెట్లు కట్టడం, మొక్కల మడులు తీర్చడం, ఇదీ పని. ఈ సంగతి మా నాన్నకి బాగా తెలుసు. ఉక్కునగరం క్వార్టర్లు కట్టే రోజుల్లో టెక్కలి వైపు నుంచి వచ్చి, జీవితమంతా తాపీ పట్టి బతికిన మనిషి. కొడుకు తాపీ పట్టాడని చెప్పుకోడానికి ఆయనకే నామోషీ ఎందుకు? ఆ రాత్రి నుంచి ఇదే ఆలోచన.

అక్కడ జరిగిన ఒక సంగతి చెబుతాను. ఒక పెద్దావిడ ఇంట్లో పని. మొదటి రోజే టీ తెచ్చి, ఎవరికి చక్కెర ఎంత, ఎవరి పేరేమిటి అని అడిగి కాగితం మీద రాసుకుంది. నా పేరుని మా బాస్ ఏనాడో సగానికి కోసేశాడు. ఆవిడ మాత్రం పూర్తి పేరు మళ్ళీ మళ్ళీ పలికించుకుని నేర్చుకుంది. పెరట్లో ముసలి ఆపిల్ చెట్టు ఉంది. దాని మొదలు చుట్టూ మట్టి వదిలి, బండల్ని గుండ్రంగా కోసి కలపాలి. అట్టముక్క మీద వంపు గీసుకుని, ఒక్కో బండనీ ఆ గీత మీద కోసి, అంచు గరుకు పోయేదాకా చేత్తో రుద్ది, ఒక పూటంతా దాని మీదే కూర్చున్నాను. మన సైట్‌లో అయితే "సిమెంటు పూసెయ్యరా, ఎవుడు చూస్తాడు" అనేవాళ్ళు. ఆవిడ చూసింది. వంగి ఆ వంపు పొడుగునా వేలితో తడిమింది. పక్కింటివాళ్ళని పిలిచి మరీ నన్ను చూపించింది. కంపెనీకి రాసిన రివ్యూలో నా పూర్తి పేరు, ఒక్క అక్షరం తప్పు లేకుండా. అప్పటి నుంచి కోతలన్నీ నాకే అప్పగించాడు బాస్. గంట కూలీ కూడా కాస్త పెంచాడు.

ఇంతమాత్రానికే పొంగిపోవాలా అంటే, పొంగిపోయాను. ఇంతకంటే నాణ్యమైన కోతలు మా నాన్న చేతిలో చూస్తూ పెరిగాను. వాటిని అలా వంగి తడిమినవాళ్ళని మాత్రం చూడలేదు.

అయితే మెప్పు కంటే నన్ను ఆశ్చర్యపరిచింది మా బాస్ రాసే కొటేషన్. అందులో బండల ధర ఒక్క వరసే. తవ్వకం, మట్టి ఎత్తిపోత, కింద 100 మిల్లీమీటర్ల మందాన కంకర, దాన్ని మిషన్‌తో దిమ్మిస కొట్టడం, బండ వెనక పట్టు కోసం పూత, బండ కింద సందు లేకుండా మాలు, అన్నీ విడివిడిగా ఉంటాయి. పని అయ్యాక వీటిలో ఒక్కటీ కంటికి కనపడదు. చెమ్మ ఎక్కకుండా గోడ అడుగున ఇటుకల మధ్య ఒక పొర వేస్తారు కదా, పరిచిన బండల పైమట్టం దానికి కనీసం 150 మిల్లీమీటర్లు కిందే ఉండాలి. నీళ్ళు ఇంటి గోడ వైపు రాకుండా 80కి 1 చొప్పున, అంటే 80 అడుగుల పొడుగుకి ఒక అడుగు దిగేలా, వాటం ఇవ్వాలి. బండ కింద మాలు నిండా పరవకుండా ఐదు ముద్దలు పెట్టి కూర్చోబెడితే పని తొందరగా తెములుతుంది. కానీ రబ్బరు సుత్తితో తడితే ఆ బండ బోలుగా మోగుతుంది, కింద నీళ్ళు చేరి మంచుకి గడ్డకడితే లేచిపోతుంది. మా బాస్ సాయంత్రం ఒక్కో బండా తట్టుకుంటూ వెళ్తాడు. బోలుగా మోగినదాన్ని లేపించి మళ్ళీ వేయిస్తాడు. ఆ టైముకీ కూలీ ఇస్తాడు. కనపడని పనికి డబ్బు కట్టే ఇంటివాళ్ళు ఉంటారని అక్కడికి వెళ్ళేదాకా నాకు తెలియదు.

మధురవాడలో మా అక్కావాళ్ళ ఇంటి ముందు పార్కింగ్ టైల్స్ చూడండి. పోసిన మట్టి మీద ఇంత డస్ట్ చల్లి పరిచేశారు. వానలకి కారు చక్రాలు తిరిగే దారంతా కుంగింది. బావ మేస్త్రీని తిట్టని రోజు లేదు. గ్రావెల్ పోసి దిమ్మిస కొట్టించాలని ఆ మేస్త్రీ మొత్తుకుంటే, దండగ ఖర్చన్నది బావే.

అలాగని అక్కడ అంతా బంగారం అనుకోకండి. ల్యాండ్‌స్కేప్ కంపెనీలకి 'బాలి' అని 1972 నుంచి ఒక సంఘం ఉంది, ఏటా అవార్డులు ఇస్తుంది. అవి కంపెనీల పేరు మీదే, గొయ్యి తవ్వినవాడి పేరు మీద కాదు. 1913 నుంచి లండన్ చెల్సీలో జరుగుతున్న పూల ప్రదర్శనలో తోటకి బంగారు పతకం వస్తే పేపర్లో డిజైనర్ ఫొటో వేస్తారు. కట్టినవాళ్ళ కోసం విడిగా ఒక అవార్డు ఉంది కానీ, అదీ కాంట్రాక్టరు దాకానే. మా ముఠాలో తెల్లకుర్రాడు ఒకడున్నాడు. చదువు అబ్బకపోతే ఇదే గతి అని వాళ్ళ టీచర్ అనేవాడట. ఆ మాట నాకు ఎక్కడో విన్నట్టే అనిపించింది.

పైగా మేం పరిచే రాయిలో చాలా మటుకు మనదే! ఇసుకరాయి రాజస్థాన్‌లో బూందీ, కోటా వైపు నుంచి వస్తుంది. నల్లబండ అడిగితే మన కడప బండ. డెర్బీ తుంపరలో చెక్కపెట్టె విప్పి కడప బండ బయటికి తీస్తుంటే మొదటిసారి నాకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. ఇండియా రాయి అని ఇంటివాళ్ళు మురిసిపోతారు, దాన్ని పొరలుగా చీల్చినవాడెవరని మాత్రం ఎవరూ అడగరు. ఆ రాయినే నేను అక్కడ కోయాలంటే బ్లేడు మీద నీళ్ళు పడుతూ ఉండాలి, మాస్కు ముఖానికి సరిగ్గా అతుకుతోందో లేదో ముందే పరీక్ష చెయ్యాలి. మా నాన్న తలగుడ్డ మూతికి చుట్టుకుని కోసేవాడు.

మనవాళ్ళకి మేస్త్రీ అంటే లెక్కలేదనే మాటని కూడా నేను ఒప్పుకోను. గృహప్రవేశం నాడు పీట వేసి కూర్చోబెట్టి పంచెల చాపు పెట్టేది ఎవరికి? మా నాన్న ట్రంకు పెట్టె నిండా అవే. సగం ఇంకా మడత విప్పలేదు. అంచు చూసి ఇల్లు చెబుతాడు: ఇది ఎంవీపీ కాలనీ డాక్టరుగారిది, ఇది సీతమ్మధార మేడది. డెర్బీలో డబ్బు బ్యాంకులో పడిందంటే సరి, గేటు వేసుకుంటారు. కొత్త పెరట్లో మొదటి విందుకి మమ్మల్ని పిలిచినవాళ్ళు లేరు. ఇంత చెప్పాక అసలు నిజం కూడా చెప్పాలి. ఆ డాక్టరుగారి ఆఖరి బిల్లు కోసం మా నాన్న ఎన్నిసార్లు తిరిగాడో మా అమ్మనడిగితే తెలుస్తుంది.

సింహాచలం వెళ్ళినప్పుడల్లా నేను 96 స్తంభాల కల్యాణ మండపంలో కాసేపు ఆగుతాను. కృష్ణదేవరాయలు 1516లో వచ్చి నగలు సమర్పించిన సంగతి ఆ గుడి శాసనాల్లో ఉంది. స్తంభం చెక్కినవాడి పేరు మాత్రం నా కంట పడలేదు.

పెళ్ళి అయిన మర్నాడు నాన్నని నిలదీశాను. "నాను తాపీ పట్టింది నువ్వు పట్టకూడదనే కదరా" అన్నాడు. అందరు తండ్రులూ చెప్పే మాటే, నాకు ఆనలేదు. ఇంకా గుచ్చితే విసుక్కుంటూ అసలు మాట చెప్పాడు: "ఇంజనీరంటే కుర్చీ ఏస్తారు. మేస్త్రీని నిలబెట్టే మాటాడతారు. పీట ఏసేది ఆ ఒక్కరోజే."

దానికి నా దగ్గర జవాబు లేక ఫోన్ తీసి ఆపిల్ చెట్టు ఫొటో చూపించాను. తోటని చూడలేదు ఆయన. ఫొటో పెద్దది చేసి సందులు చూశాడు. "వాటం ఎంత?" అన్నాడు. 80కి 1 అంటే పెదవి విరిచాడు, మన వానకి చాలదట. అక్కడి వాన వేరన్నాను. ఇంటి ముందు వైపు అయితే ఇంకో తిరకాసు ఉంది, నీరు ఇంకని బండలు 5 చదరపు మీటర్లు దాటి పరిచి ఆ నీళ్ళు రోడ్డు మీదకి వదలాలంటే ఇంగ్లండులో 2008 నుంచి పర్మిషన్ కావాలని చెప్పాను. పగలబడి నవ్వాడు. మా వీధిలో అందరి నీళ్ళూ రోడ్డు మీదకే.

నేను తిరిగి వెళ్ళేలోపు పార్కింగ్ సరిచేయించమని బావ అడిగాడు. మేస్త్రీగా మా నాన్న పేరు రాసి, మా బాస్ పద్ధతిలో ఎస్టిమేట్ వేశాను. తవ్వకం ఒక వరస, గ్రావెల్ ఒక వరస, దిమ్మిస ఒక వరస. బావ కాగితం చూసి దిమ్మిస దగ్గర ఆగాడు. "దీనికి కూడా డబ్బులా?" అన్నాడు. నేను నోరు తెరిచేలోపే మా నాన్న, "ఆ వరస కొట్టీరా, మనోళ్ళే కదా, అది నాను సేసేత్తాను" అన్నాడు.

కొట్టెయ్యనని ఖరాఖండిగా చెప్పాను. నాన్న నాతో ఆ పూటంతా మాట్లాడలేదు. బావ ఆలోచించి చెబుతానన్నాడు.