హైవే 75కి తూర్పున

డాలస్ ప్రాంతంలో రైళ్లు, బస్సులు నడిపే డార్ట్ సంస్థ రెడ్ లైన్ ప్లేనోలోని పార్కర్ రోడ్ స్టేషన్‌తో అయిపోతుంది. డాలస్‌కు ఉత్తరాన ఉన్న మెకిన్నీ నగరం డార్ట్‌లో చేరలేదు కాబట్టి అక్కడి నుంచి ముందుకు బస్సు లేదు. డాలస్ డౌన్‌టౌన్ నుంచి అంత దూరం రైలు పాసు మీద వచ్చి, మిగతా పదిహేను మైళ్లకు క్యాబ్‌కి దానికి ఐదు రెట్లు ఇచ్చాను. చవకగా ఇల్లు దొరికినా కారు లేకపోతే ఇక్కడ పనికి వెళ్లడమే కష్టం.

మెకిన్నీ మనవాళ్లకు కొత్త కాదు. పక్క ఊరు ఫ్రిస్కోలో ఇళ్ల ధరలు అందక ఇటు వచ్చినవాళ్లు చాలామంది. 1990లో 21 వేల జనాభా ఉన్న ఊరు 2020కి 1,95,308 అయింది. కొత్త కాలనీలన్నీ దాదాపు హైవే 75కి పడమరనే. తూర్పున పాత ఊరు, నల్లజాతి, మెక్సికన్ కుటుంబాలు తరాలుగా ఉన్న వీధులు. పేదల అద్దె ఇళ్లు కూడా చాలాకాలం అటే కట్టారు. పడమర వైపు తిరిగిన రెండు రోజుల సంగతి వదిలేస్తాను, నన్ను పట్టుకున్నది తూర్పే.

ఈ ఇళ్లను ప్రభుత్వం కట్టదు. 1986 నాటి పన్ను చట్టం ప్రకారం ఫెడరల్ ప్రభుత్వం జనాభాను బట్టి రాష్ట్రాలకు ట్యాక్స్ క్రెడిట్లు ఇస్తుంది. బిల్డర్ వాటిని బ్యాంకుల వంటి పెట్టుబడిదారులకు ఇచ్చి డబ్బు తెచ్చుకుంటాడు, వాళ్లు పదేళ్లపాటు పన్ను తగ్గించుకుంటారు. పెద్ద రాయితీ ఉన్న 9 శాతం క్రెడిట్‌కు పోటీ తీవ్రం. టెక్సాస్‌లో నగర కౌన్సిల్ మద్దతు తీర్మానానికే 17 మార్కుల దాకా ఉంటాయి. అది రాకపోతే దరఖాస్తు దాదాపు పోయినట్టే. ఎక్కడ కట్టాలో తేలేది అక్కడే.

దీని మీదే ఇన్‌క్లూజివ్ కమ్యూనిటీస్ ప్రాజెక్ట్ అనే డాలస్ సంస్థ 2008లో రాష్ట్ర గృహ శాఖ మీద కేసు వేసింది. డాలస్ నగరంలో ఇలాంటి ఇళ్లలో 92.29 శాతం, తెల్లవాళ్లు సగంకన్నా తక్కువున్న ప్రాంతాల్లోనే ఉన్నాయని లెక్క చూపింది. వివక్ష ఉద్దేశం రుజువు కాకపోయినా ఫలితాన్ని బట్టి దావా వేయొచ్చని 2015లో సుప్రీంకోర్టు 5-4తో చెప్పింది. కానీ కింది కోర్టుకు తిరిగొచ్చాక 2016లో ఆ సంస్థే ఓడిపోయింది.

ఇలాంటి ఇళ్ల లీజింగ్ ఆఫీసు ఒకదానిలో అద్దె లెక్క అడిగాను. రెండు బెడ్‌రూమ్‌లకు ముగ్గురి కుటుంబమని లెక్కేస్తారు. ముగ్గురికి ఆదాయ పరిమితి, అంటే ప్రాంతపు మధ్యస్థ ఆదాయంలో 60 శాతం, ఉదాహరణకు 60,000 డాలర్లనుకుంటే, అందులో 30 శాతాన్ని పన్నెండుతో భాగిస్తే నెలకు 1,500. కరెంటు, నీళ్ల కింద 120 తీసేస్తే అద్దె 1,380 దాటకూడదు. మన ఎమ్మెస్ పిల్లలు నలుగురు కలిసి తీసుకుందామంటే కుదరదు, ఇంట్లో అందరూ ఫుల్‌టైమ్ విద్యార్థులైతే కొన్ని మినహాయింపులు తప్ప అర్హత లేదు. చేరాక జీతం పెరిగితే మాత్రం ఖాళీ చేయించరు.

నేను ఊహించనిది ఒకటుంది. ఈ పరిమితి అద్దెకున్న మనిషి జీతాన్ని బట్టి కాదు, ప్రాంతపు మధ్యస్థ ఆదాయాన్ని బట్టి ఏటా మారుతుంది. డాలస్, కాలిన్, డెంటన్ కౌంటీలన్నీ ఒకే లెక్కలో వస్తాయి. అంటే ఫ్రిస్కోలో మన ఐటీ జీతాలు పెరిగితే, తూర్పు మెకిన్నీలో హోటల్‌లో గిన్నెలు కడిగే ఆమె అద్దె పరిమితి కూడా పెరుగుతుంది. ఆమె జీతం పెరిగినా పెరగకపోయినా. ఇది నాకు చాలా బాధనిపించింది.

హైదరాబాద్ శివార్లలోని కొల్లూరు గుర్తొచ్చింది. అక్కడ 15,660 డబుల్ బెడ్‌రూమ్ ఇళ్లు, ఒక్కోటి 560 చదరపు అడుగులు, లబ్ధిదారుకు ఉచితం. ఇల్లు సొంతం, కానీ ఔటర్ దగ్గర, కూలి పని ఉండేది సిటీలో. మెకిన్నీలో ఎన్నేళ్లున్నా అద్దే, పైగా మామూలుగా 30 ఏళ్లయ్యాక చవక అద్దె నిబంధన కూడా పోవచ్చు. రెండు చోట్లా పేదలకు చోటు చూపించింది ఓ పక్కనే.

టెక్సాస్‌లో 9 శాతం దరఖాస్తులకు గడువు మార్చి మొదట్లో. కాబట్టి మద్దతు తీర్మానాలు జనవరి, ఫిబ్రవరి కౌన్సిల్ సమావేశాల్లోకి వస్తాయి. పడమర వైపున్న మన కుటుంబాలు ఆ ఎజెండా చూసి, వెళ్లి, మా పక్కన కట్టండని చెప్పాలి.