మేడ మీద తోటకి ఒండ్రు మట్టి ఒక్కటే చాలదు

గోదావరి ఒండ్రు మట్టి ఉండగా కుండీలకి ఇంకేం కావాలంటారు మావాళ్లు. పొలానికి అది బంగారమే, కానీ కుండీలో నాలుగుసార్లు నీళ్లు పోస్తే గట్టిపడిపోతుంది, పైగా బరువు, కింద స్లాబు సంగతి కూడా చూసుకోవాలి కదా! అందుకే మట్టి, కొబ్బరి పొట్టు, చివికిన పశువుల ఎరువు సమానంగా కలుపుతాను. కోనసీమలో పొట్టుకేం కొదవ, పీచు మిల్లుల దగ్గర గుట్టలే. కాకపోతే అందులో ఉప్పు ఉంటుంది, రెండు మూడుసార్లు నానబెట్టి ఆ నీళ్లు పారబోశాకే వాడండి.

కడియం నర్సరీలకి వెళితే మనసంతా పూలమొక్కల మీదికే పోతుంది. కూరగాయల విత్తనాలు మాత్రం మాకు పక్కింటి పిన్నిగారే ఇస్తారు. ముదిరిన బీరకాయని తీగ మీదే ఎండనిచ్చి, ఊపితే గలగలమన్నాక, కొసన మూతలాంటి ముక్క ఊడదీసి నల్లటి గింజలు దులుపుతారు. మిగిలిన పీచు ఒళ్లు రుద్దుకోవడానికి. బదులుగా మా బచ్చలి ఆవిడ పప్పులోకి వెళుతుంది.

కూరగాయల తొక్కలు, ఎండుటాకులు కలిపి డ్రమ్ములో వేస్తున్నాం కాబట్టి చెత్తబండికి ఇచ్చేది బాగా తగ్గింది. ఇంటికి కావలసినవన్నీ మేడ మీదే పండుతాయని ఎవరైనా చెబితే నమ్మకండి, ఉల్లిపాయలు, బంగాళాదుంపలు మేమూ బజారులోనే కొంటాం. ఆకుకూరలతో మొదలుపెట్టండి, తోటకూర అయితే విత్తిన నెల లోపే కోతకొస్తుంది.